ఫోకస్: ఒక ఆంగ్లపదం అర్థపరిణామం, తెలుగు ప్రయోగాలు – పరిశీలన

వ్యాససంగ్రహం

'ఫోకస్' అనే ఆంగ్లపదం గణితం, భౌతికశాస్త్రం, భాషాశాస్త్రం, కథనశాస్త్రం, సామాజికశాస్త్రం వంటి రంగాలలో పారిభాషికపదం. పత్రికలలోనూ నిత్యవ్యవహారంలోనూ అది సాధారణపదం. తెలుగు పరిశోధన రచనలలో మాత్రం ఈ అర్థాలన్నింటికీ 'దృష్టి సారించు', 'దృష్టి కేంద్రీకరించు' అనే రెండు పదబంధాలే తరచుగా కనిపిస్తాయి. ఫోకస్ అర్థచరిత్రను, తెలుగులో దాని ప్రయోగాలను పరిశీలించి, ఆ పదంలోని ముఖ్యార్థం 'చూడటం' కాదని, 'ఇతరాలను విడిచి ఒకదాన్ని ఎంచుకోవడం' అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ అర్థాన్ని చెప్పడానికి తెలుగులో 'దృష్టి' కంటె అవధారణార్థక ఏకారం, క్రియను నామీకరించే వాక్యనిర్మాణం ఎక్కువ సమర్థమైనవని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫోకస్, నాభి, దృష్టి, అవధానం, అవధారణ, వ్యవచ్ఛేదం, ఫోకలైజేషన్, పరిశోధన పరిధి.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలలో సిద్ధాంతవ్యాసం రాసే విద్యార్థి నేడు రెండు భాషలలో ఆలోచించవలసి వస్తున్నది. సిద్ధాంతగ్రంథం తెలుగులో ఉంటుంది. అందులో వాడే సిద్ధాంతాలు, పరిశోధన పద్ధతుల గ్రంథాలు చాలావరకు ఆంగ్లంలో ఉంటాయి. ఆ గ్రంథాలలో అడుగడుగునా ఎదురయ్యే పదాలలో 'ఫోకస్' ఒకటి. 'ది ఫోకస్ ఆఫ్ దిస్ స్టడీ' అన్న మూసతో మొదలయ్యే వాక్యం లేని పరిశోధన ప్రణాళిక అరుదు. దాన్ని తెలుగు చేసేటప్పుడు 'ఈ అధ్యయనం ఫలానా అంశంపై దృష్టి సారిస్తుంది' అని రాయడం అలవాటైపోయింది.

వాక్యం తప్పు కాదు. అయితే మూలంలోని పదం ఒక ప్రశ్నకు సమాధానం చెబుతుంది: ఇన్ని అంశాలుండగా దేనిని ఎంచుకున్నారు, వేటిని విడిచారు? తెలుగు వాక్యం ఆ ప్రశ్నను వినిపించదు. ఒకే వాక్యంలో పది అంశాలపై 'దృష్టి సారించ'వచ్చు. తెలుగు అందుకు అభ్యంతరం చెప్పదు. కనుక ఇది కేవలం అనువాద సమస్య కాదు. పరిశోధకుడు తన పనిని తాను ఎంత స్పష్టంగా నిర్వచించుకున్నాడన్నది దీనితో ముడిపడి ఉంది.

2. పొయ్యి నుంచి నాభి దాకా

లాటిన్‌లో ఫోకస్ అంటే ఇంటిలోని పొయ్యి, నిప్పు ఉండే చోటు. ప్రాచీన రోమన్ల ఇంట అది వంటకూ వెచ్చదనానికీ గృహదేవతల ఆరాధనకూ స్థానం. వాడుక లాటిన్‌లో ఈ పదం క్రమంగా 'నిప్పు' అనే అర్థంలో స్థిరపడింది. ఇటాలియన్‌లో 'ఫువోకో', స్పానిష్‌లో 'ఫువేగో', ఫ్రెంచిలో 'ఫ' అనే నిప్పు పేర్లు దాని సంతతే. ఆంగ్లంలో ఇంధనాన్ని చెప్పే 'ఫ్యూయల్' కూడా ఈ కుటుంబానిదే.

ఈ ఇంటిమాటను శాస్త్రపదంగా మార్చినవాడు యోహానెస్ కెప్లర్. 1604లో వెలువడిన తన దృశాశాస్త్ర గ్రంథంలో శాంకవాల విశిష్టబిందువులకు ఆయన ఈ పేరు పెట్టాడు. పుటాకార దర్పణం గాని కుంభాకార కటకం గాని సూర్యకిరణాలను ఒక బిందువు వద్దకు చేర్చినప్పుడు అక్కడ ఉంచిన వస్తువు అంటుకుంటుంది. నిప్పు పుట్టే చోటు కనుక దానికి పొయ్యి పేరు తగి ఉంటుందని పండితుల ఊహ. జర్మన్‌లో ఇదే బిందువును 'మండే బిందువు' అనే అర్థంగల సమాసంతో పిలవడం ఈ ఊహకు బలమిస్తుంది. ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చిన ప్రతి పిల్లవాడికీ ఈ అర్థం అనుభవంలో ఉన్నదే. 1609లో కెప్లర్ తన మొదటి గ్రహగమన నియమాన్ని ప్రకటించాడు: గ్రహాలు దీర్ఘవృత్తాకార కక్ష్యలలో తిరుగుతాయి, సూర్యుడు ఆ దీర్ఘవృత్తపు నాభులలో ఒకదానిలో ఉంటాడు.

17వ శతాబ్దిలో ఈ పదం ఆంగ్లంలోకి శాస్త్రపదంగానే ప్రవేశించింది. కార్యకలాపాలు కూడుకునే చోటు అనే లాక్షణికార్థం, క్రియారూపం, మనసుకు అన్వయించే ప్రయోగం క్రమంగా తర్వాత వచ్చాయి. అంటే 'శ్రద్ధ' అనే అర్థం ఈ పదానికి మొదటిది కాదు, చివరగా చేరింది. నిప్పు, కిరణాలు కలిసే బిందువు, స్పష్టత, ఆపైన మనసు అన్నది దీని నడక. ఈ మెట్లలో ఏ మెట్టుమీది అర్థాన్ని తెలుగు చేస్తున్నామో తెలుసుకోకపోతే పొరపాటు తప్పదు.

3. నాభి, కేంద్రం, ఫోకస్

తెలుగు పాఠ్యపుస్తకాలలో ఈ శాస్త్రపదానికి 'నాభి' స్థిరపడింది. ఇంటర్మీడియట్ గణితంలో పరావలయానికి నాభి, నియతరేఖ ఉంటాయి. పదవ తరగతి భౌతికశాస్త్రంలో కటకానికి నాభి, నాభ్యంతరం ఉంటాయి. భూకంపాల పాఠంలో భూమిలోపల కదలిక మొదలైన చోటు నాభి. దానికి సరిగ్గా పైన భూతలం మీద ఉండే చోటు అధికేంద్రం.

లాటిన్ పదం పొయ్యి నుంచి పుట్టగా, సంస్కృతపదం బొడ్డును, బండిచక్రపు కుండను సూచిస్తుంది. చక్రపు ఆకులన్నీ నాభిలో నాటుకొని ఉండటం ఉపనిషత్తులలోనూ కనిపించే ఉపమానం. అన్నీ ఒకచోట కలుస్తాయన్న పోలిక రెండు పదాలలోనూ ఉంది. నిప్పు అనే భావం మాత్రం నాభిలో లేదు. దాని స్థానంలో 'నడుమ' అనే భావం ఉంది. కేంద్రంతో నాభికి గల గందరగోళానికి బీజం ఇక్కడే పడింది.

దీర్ఘవృత్తానికి కేంద్రం ఒకటి, నాభులు రెండు. సూర్యుడున్నది నాభిలో గాని కేంద్రంలో కాదు. గణితం ఇంత స్పష్టంగా వేరుచేసిన రెండు భావాలను మన సాహిత్యవిమర్శ 'కేంద్రీకరణ' అనే ఒక్క మాటలో కలిపివేస్తున్నది. నిజానికి 'కేంద్రీకరించు' అన్నది ఆంగ్లంలోని 'కాన్‌సెంట్రేట్' అనే మాటకు అక్షరాలా సరిపోతుంది. ఆ మాటలోనూ కేంద్రం అనే పదమే ఉంది. చెదిరిన వాటిని ఒకచోటికి పోగుచేయడం దాని అర్థం. మనసు చెదరకుండా ఉండటం, అధికారం ఒకచోట పోగుపడటం, ద్రావణం గాఢం కావడం ఈ భావానికి ఉదాహరణలు.

కెమెరాతో ఫోకస్ చేయడం ఇందుకు భిన్నమైన క్రియ. నాభి కటకానికి సంబంధించిన ధర్మం. ఫోకస్ చేయడం మనిషి చేసే ఎంపిక. ఎదుట దగ్గరగా ఒక పూవు, దూరంగా ఒక కొండ ఉన్నాయనుకుందాం. ఛాయాగ్రాహకుడు కటకాన్ని ముందుకో వెనక్కో జరిపి పూవు ప్రతిబింబం స్పష్టంగా పడేలా చేస్తే కొండ మసకబారుతుంది. కొండను స్పష్టం చేస్తే పూవు మసకబారుతుంది. కొంత లోతు మేరకు రెండూ స్పష్టంగా కనిపించే అవకాశం ఉన్నా, ఆ లోతుకు హద్దు ఉంది. కన్ను కూడా ఇదే పనిని మరో విధంగా చేస్తుంది. కటకం నుంచి రెటీనాకు గల దూరం మారదు కనుక కంటికటకం తన నాభ్యంతరాన్నే మార్చుకుంటుంది. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం ఈ మార్పు సుమారు 2.5 సెం.మీ. నుంచి 2.27 సెం.మీ. వరకు. దీనినే కంటి సర్దుబాటు అంటారు.

ఈ వివరణ నుంచి తేలే అంశం ఒకటి. ఫోకస్‌లో స్పష్టతకూ మసకకూ విడదీయలేని సంబంధం ఉంది. ఒకదాన్ని స్పష్టం చేయడమంటే మరొకదాన్ని మసకబారనివ్వడం. కేంద్రీకరణలో ఈ అర్థం లేదు. ఈ తేడాను గుర్తుంచుకొని 'దృష్టి' వైపు వెళదాం.

4. 'దృష్టి' మోస్తున్న బరువు

తెలుగులో 'దృష్టి' చేసే పనులు చాలా ఉన్నాయి. 'దృష్టి మందగించింది' అన్నప్పుడు అది కంటిచూపు. 'నా దృష్టిలో' అన్నప్పుడు అభిప్రాయం. 'అధికారుల దృష్టికి తెచ్చారు' అన్నప్పుడు ఎరుక. 'పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని' అన్నప్పుడు పరిగణన. 'మార్క్సిస్టు దృష్టి' అన్నప్పుడు సైద్ధాంతిక నిలకడ. 'పిల్లవాడికి దృష్టి తగిలింది' అన్నప్పుడు అది దిష్టి. ఇన్ని అర్థాలున్న పదంపై ఫోకస్ అర్థాన్ని కూడా మోపినప్పుడు, 'ఈ వ్యాసం స్త్రీవాద దృష్టితో కథలపై దృష్టి పెడుతుంది' వంటి వాక్యాలు పుడతాయి. అందులో మొదటి దృష్టి సిద్ధాంతం, రెండవ దృష్టి ఎంపిక. పాఠకుడు సందర్భం చూసి వేరుచేసుకోవలసిందే.

'సారించు' అనే క్రియ మరొక చిక్కు. సారించడం అంటే చాచడం, ప్రసరింపజేయడం. 'నలుదిక్కులా చూపు సారించాడు' అన్నది నిర్దుష్టమైన తెలుగు వాక్యం. 'నలుదిక్కులా చూపు కేంద్రీకరించాడు' అని ఎవరూ అనరు. అంటే 'సారించు' విస్తరించే క్రియ. ఫోకస్ కుదించే క్రియ. 'దృష్టి సారించు' నిజానికి ఆంగ్లంలోని 'అటెన్షన్' అనే పదానికి దగ్గరగా ఉంది. ఆ పదం మూలం లాటిన్‌లో 'వైపుగా చాచడం' అనే అర్థమిచ్చే ధాతువు.

శ్రద్ధను సూచించే మన పదాలను కూడితే ఒక ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. 'అవధానం', 'శ్రద్ధ' అనే రెండు సంస్కృత పదాలలోనూ ఉన్నది 'ధా' ధాతువు. ఉంచడం, నిలపడం దాని అర్థాలు. తెలుగులో మనసు పెడతాం, దృష్టి పెడతాం, గురి పెడతాం, లక్ష్యపెడతాం. పై అధికారి మాటను లక్ష్యపెట్టడం దాన్ని మన్నించడమే. ఈ వాడుకలన్నింటిలో శ్రద్ధ ఒకచోట 'పెట్టే' వస్తువు. కుదిరినచోట ఉంచవచ్చు, కుదరకపోతే తీసి మరోచోట పెట్టవచ్చు.

అవధానకళ ఈ భావనకు పరాకాష్ఠ. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులకు సమాధానం చెప్పే అవధాని ఒకదాన్ని స్పష్టం చేసుకొని మిగిలిన ఏడింటిని మసకబారనిస్తే అవధానం చెడుతుంది. నిషిద్ధాక్షరిలో ఉన్నప్పుడు దత్తపది మరవకూడదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ధారను చెదరగొట్టడానికే ఉంటాడు. చివర పద్యాలన్నింటినీ ధారణతో అప్పగించాలి. అవధానం అనేకచోట్ల నిలిపే శ్రద్ధ. ఫోకస్ ఒక్కచోటికి కుదించే శ్రద్ధ. నిఘంటువులో రెండూ ఇరుగుపొరుగులే కావచ్చు. భావంలో మాత్రం ఎదురెదురు. కనుక ఫోకస్‌కు అవధానాన్ని పర్యాయంగా వాడటం ఏ సందర్భంలోనూ సమంజసం కాదు.

5. ఆదానపదంగా 'ఫోకస్'

నేటి వ్యవహారంలో 'ఫోకస్' నేరుగా తెలుగు వాక్యాలలో చేరింది. ఆదానపదం ఊరికే రాదు. చేరిన భాష వ్యాకరణానికి లొంగుతుంది. తెలుగులో దీనితో కలిసే క్రియలు ముఖ్యంగా మూడు: పెట్టు, చేయు, అవు. ఈ మూడింటికీ అర్థభేదం ఉంది.

మొదటిది 'పెట్టు'. 'పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువు మీద ఫోకస్ పెట్టు' అన్నప్పుడు ఫోకస్ అచ్చంగా దృష్టి స్థానంలో నిలిచింది. ఆంగ్లంలో ఫోకస్ తానే క్రియ కాగలదు. తెలుగు మాత్రం దాన్ని నామంగా తీసుకొని, మనసుకూ గురికీ వాడే 'పెట్టు'నే దానికీ జతచేసింది. మాట పరాయిది, చట్రం మనది. 'సాగునీటి పథకాలపై ప్రభుత్వం ఫోకస్' వంటి పత్రికాశీర్షికలలో క్రియ లోపించినా పాఠకుడు పూరించుకునేది ఈ 'పెట్టు'నే.

రెండవది 'చేయు'. 'టీవీలు ఈ సమస్యను బాగా ఫోకస్ చేశాయి' అన్న వాక్యంలో సమస్య ద్వితీయావిభక్తిలో ఉంది. ఇక్కడి అర్థం శ్రద్ధ పెట్టడం కాదు, నలుగురి ముందుకు తేవడం. 'తనను తాను ఫోకస్ చేసుకుంటున్నాడు' అన్నప్పుడు ఆత్మప్రచారం అనే నిందార్థం కూడా వస్తుంది. ఆంగ్లంలో ఫోకస్‌కు ఈ అర్థం లేదు. 'మీద ఫోకస్ పెట్టు', 'ను ఫోకస్ చేయు' అనే రెండింటి భేదాన్ని తెలుగు విభక్తితోనే సాధించింది.

మూడవది 'అవు'. 'ఆ సినిమాతో అతడు ఫోకస్ అయ్యాడు' అంటే వెలుగులోకి వచ్చాడని. ఇది 'చేయు'తో ఏర్పడిన అర్థానికి అకర్మకరూపం. 'పని మీద ఫోకస్ అవు' అనే వాడుక కూడా యువతలో వినిపిస్తుంది. అది ఆంగ్లక్రియకు దగ్గరగా జరిగిన ప్రయోగం.

పెళ్ళిపందిళ్ళలో, జాతరలలో వెలుగును విశాలంగా చిమ్మే పెద్ద దీపాలను 'ఫోకస్ లైట్లు' అనడం కూడా గమనించదగినదే. మూలంలో కిరణాలను కుదించే పదం ఇక్కడ కిరణాలను వెదజల్లే దీపానికి పేరైంది. 'ఫోకస్ చేయు'లోని 'వెలుగులోకి తెచ్చు' అనే అర్థానికి ఈ దీపాలు దగ్గరి చుట్టాలు.

ఈ ఆదానాన్ని భాషాకాలుష్యమని తోసిపుచ్చనక్కరలేదు. పరిశోధకుడు గమనించవలసింది ఒక్కటే: వ్యవహారంలోని ఫోకస్ తెలుగు అర్థాలను సంతరించుకున్నది కనుక, ఆంగ్లగ్రంథంలోని ఫోకస్‌కు దాన్ని కళ్ళు మూసుకొని సమానంగా తీసుకోరాదు.

6. భాషాశాస్త్రంలో ఫోకస్: ఏకారం, వాక్యనిర్మాణం

భాషాశాస్త్రంలో ఫోకస్ అంటే వాక్యంలో కొత్త సమాచారాన్ని గాని, ఇతర ప్రత్యామ్నాయాలకు ఎదురుగా ఎంచిన అంశాన్ని గాని మోసే భాగం. ఎం.ఎ.కె. హాలిడే 1967లో ప్రచురించిన వ్యాసాలలో దీన్ని సమాచార నిర్మాణంలో భాగంగా చర్చించాడు. మాట్స్ రూత్ 1985 నాటి సిద్ధాంతగ్రంథంలో ఫోకస్‌ను ప్రత్యామ్నాయాలతో ముడిపెట్టాడు: ఒక పదం ఫోకస్ పొందినప్పుడు ఆ స్థానంలో ఉండగలిగిన ఇతరాలు కూడా శ్రోత మనసులో మెదులుతాయి. కటలిన్ ఎ. కిష్ 1998లో కొత్త సమాచారాన్ని మాత్రమే తెలిపే ఫోకస్‌నూ, ఇతరాలను తొలగించి ఒకదాన్ని గుర్తించే ఫోకస్‌నూ వేరుచేసింది.

తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు మార్గాలున్నాయి. 'పుస్తకం ఎవరు తెచ్చారు?' అన్న ప్రశ్నకు 'పుస్తకం రవి తెచ్చాడు' అన్న సమాధానంలో క్రియకు ముందున్న 'రవి' కొత్త సమాచారం. మాధవి కూడా మరో ప్రతి తెచ్చి ఉండవచ్చు. ఈ వాక్యం దాన్ని కాదనదు. 'పుస్తకం తెచ్చింది రవి' అన్నప్పుడు స్థితి మారుతుంది. క్రియ నామమై ముందుకు వచ్చింది, ఎంచుకున్న పదం చివర నిలిచింది. ఆంగ్లంలో క్లెఫ్ట్ అని పిలిచే నిర్మాణానికి ఇది సమీపం. కర్త పురుషుడైనా, బహువచనమైనా ఇక్కడ క్రియ 'తెచ్చింది' అనే అమహద్రూపంలోనే ఉంటుంది: 'పుస్తకం తెచ్చింది పిల్లలు'. ఎంచుకున్న పదం తన విభక్తిని విడవదు: 'నేను ఇచ్చింది రవికి', 'వాళ్ళు వచ్చింది గుంటూరు నుంచి'. నిషేధం కూడా ఆ పదానికే తగులుతుంది: 'నేను ఇచ్చింది రవికి కాదు, మాధవికి'. ఇవ్వడం జరిగింది, ఎవరికన్నదే వివాదం.

ఇక ఏకారం. మన సంప్రదాయ వ్యాకరణాలు దీన్ని అవధారణార్థకం అంటాయి. అవధారణ అంటే నిశ్చయించడం, హద్దు కట్టడం. సంస్కృతంలోని 'ఏవ' శబ్దం గురించి భారతీయ తర్కశాస్త్రం చేసిన విభజన ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. 7వ శతాబ్దికి చెందిన బౌద్ధతార్కికుడు ధర్మకీర్తి 'ఏవ' చేసే పనిని వ్యవచ్ఛేదంగా, అంటే తొలగింపుగా, వివరించి మూడు విధాలు చెప్పాడు. వాటిని తెలుగు ఏకారానికి అన్వయించవచ్చు.

'రవి గాయకుడే' – రవికి గాయకత్వం లేదన్న శంకను తొలగిస్తుంది. ఇది అయోగవ్యవచ్ఛేదం.

'రవే గాయకుడు' – ప్రస్తుత సందర్భంలో ఇతరులకు గాయకత్వం ఉందన్న శంకను తొలగిస్తుంది. ఇది అన్యయోగవ్యవచ్ఛేదం.

'నల్లకలువలు ఉండనే ఉంటాయి' – నలుపుకూ కలువకూ ఏనాడూ పొత్తు లేదన్న శంకను తొలగిస్తుంది. ఇది అత్యంతాయోగవ్యవచ్ఛేదం.

ఏకారం ఏ పదాన్ని అంటిపెట్టుకుంటే తొలగింపు ఆ వైపు తిరుగుతుంది. ఆధునిక భాషాశాస్త్రం ప్రత్యామ్నాయాల తొలగింపుగా చెప్పే ఫోకస్‌కు అన్యయోగవ్యవచ్ఛేదం చాలా సన్నిహితం. రెండు సిద్ధాంతాల లక్ష్యాలు వేరు. ధర్మకీర్తిది తర్కం, రూత్‌ది అర్థవిజ్ఞానం. అయినా నిశ్చయమంటే తొలగింపే అన్న గ్రహింపు ఉమ్మడి. 'రవే వచ్చాడు' వంటి వాక్యంలో ఏకారం ఒక్కొక్కప్పుడు 'ఇంకెవరూ రాలేదు' అనీ, ఒక్కొక్కప్పుడు 'సాక్షాత్తూ రవి వచ్చాడు' అనీ అర్థమిస్తుంది. ఏ అర్థం ఎప్పుడన్నది సందర్భం, స్వరం నిర్ణయిస్తాయి. 'మాత్రమే' చేరితే సందేహం తొలగుతుంది. 'కూడా' ఎదురు పని చేస్తుంది: 'రవి కూడా వచ్చాడు' అన్నప్పుడు ఇతరులను తొలగించక, వారితో రవిని చేర్చుతుంది. ప్రత్యామ్నాయాలు మనసులో మెదలడం మాత్రం రెండింటిలోనూ సమానమే.

ఈ కారణంగా, భాషాశాస్త్ర రచనలలో ఫోకస్‌కు 'కేంద్రీకరణ', 'దృష్టి' అనే మాటలు పొసగవు. ఇతరాలను తొలగించే ఫోకస్‌కు 'అవధారణ' అని, కొత్త సమాచారాన్ని తెలిపే ఫోకస్‌కు 'నూతనాంశం' అని వాడితే, మన వ్యాకరణ సంప్రదాయంతో సంబంధం తెగదు, ఆధునిక విభజన చెడదు.

7. కథనశాస్త్రంలో ఫోకలైజేషన్

ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో 'ఫోకలైజేషన్' అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. కథలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు చూస్తున్నారు అనే రెండు ప్రశ్నలను అంతవరకు 'దృష్టికోణం' అనే ఒక్క మాట కలిపివేస్తున్నదని ఆయన అభ్యంతరం. చూపును మరీ గుర్తుచేసే పదాలను విడిచి ఈ పదాన్ని ఎంచుకున్నాడు. తర్వాత ఇచ్చిన వివరణలో దీన్ని సమాచార పరిమితిగా, ఎంపికగా స్పష్టం చేశాడు. శూన్య, అంతర, బాహ్య ఫోకలైజేషన్లు అనే మూడు భేదాలు ఆ పరిమితి ఎంత అన్న దాన్ని బట్టి ఏర్పడ్డాయి.

దీన్ని తెలుగులో తిరిగి 'దృష్టికోణం' అని అనువదిస్తే జెనెట్ విడదీసిన ముడిని మళ్ళీ వేసినట్టవుతుంది. గురజాడ 'దిద్దుబాటు' (1910) కథను చూద్దాం. కథ చెప్పేవాడు గోపాలరావు కాదు; ప్రథమపురుషలో చెప్పే కథకుడు. ఆ కథకుడికి కమలిని ఎక్కడ ఉందో తెలుసు. అయినా అపరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు తెలిసినంతే పాఠకుడికీ తెలియనిస్తాడు: భార్య కనిపించదు, ఉత్తరం దొరుకుతుంది, పుట్టింటికి వెళ్ళిందన్న బెంగ మొదలవుతుంది. చివర మంచం కింది నుంచి నవ్వు వినిపించేదాకా ఆ పరిమితి సడలదు. 'ఇది ఎవరి దృష్టికోణం?' అని అడిగితే విమర్శకుడు గురజాడ సంస్కరణ భావాల వైపు వెళ్ళే ప్రమాదం ఉంది. 'కథకుడు ఏ సమాచారాన్ని దాచాడు, ఎంతవరకు దాచాడు?' అని అడిగితే కథానిర్మాణం తెలుస్తుంది. రెండవ ప్రశ్నే ఫోకలైజేషన్ ప్రశ్న. ఇక్కడ కూడా పదం సారం చూడటంలో లేదు, విడిచిపెట్టడంలో ఉంది. 'కథన పరిమితి' అన్న పదబంధం ఈ భావానికి దగ్గరగా ఉండగలదు.

8. పరిశోధన రచనలో ఫోకస్

క్షేత్రపర్యటన చేసే జానపద, సామాజిక పరిశోధకులకు 'ఫోకస్ గ్రూప్' పరిచితం. రాబర్ట్ మెర్టన్, ప్యాట్రిషియా కెండల్ 1946లో ప్రచురించిన వ్యాసం 'ఫోకస్డ్ ఇంటర్వ్యూ' పద్ధతిని వివరించింది. ఒక నిర్దిష్ట అనుభవాన్ని పొందినవారిని, ఆ అనుభవం గురించి, ముందే ఏర్పరచుకున్న ప్రశ్నల హద్దులో అడగడం దాని లక్షణం. దీన్ని 'బృందచర్చ' అని మాత్రమే తెలుగు చేస్తే బృందం మిగిలి, ఫోకస్ పోతుంది. పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించిన ప్రతి సందర్భమూ ఫోకస్ గ్రూప్ కాదు. 'నిర్దిష్టాంశ బృందచర్చ' అంటే ఆ నియమం పేరులోనే నిలుస్తుంది.

ఇక సిద్ధాంతగ్రంథాల విషయం. మన సంప్రదాయంలో తొలి అధ్యాయంలో 'పరిశోధన పరిధి' చెప్పడం ఉంది. పరిధి హద్దును చెబుతుంది: ఫలానా రచయిత రాసిన ఇన్ని నవలలు, ఫలానా సంవత్సరాల మధ్య వచ్చిన కథలు. ఆ హద్దులోపల పరిశోధకుడు అడిగే ప్రశ్న ఏమిటన్నది ఫోకస్. పరిధి చెప్పినంత మాత్రాన ఫోకస్ చెప్పినట్టు కాదు. 'సమగ్ర పరిశీలన' అనే శీర్షికలు మన శాఖలలో ఎంతగా రూఢమయ్యాయో అందరికీ తెలిసినదే. సమగ్రత పరిధికి చెందిన ఆదర్శం. దానికి ఫోకస్ తోడుకాకపోతే ఇతివృత్తం, పాత్రచిత్రణ, శైలి, సామాజికాంశాలు అధ్యాయాలుగా వరుసకడతాయి. వాటిని కలిపే ప్రశ్న ఉండదు. 'దృష్టి సారిస్తుంది' అనే వాక్యం ఈ లోటును కప్పిపుచ్చడానికి అనువుగా ఉంటుంది, ఎందుకంటే అది దేనినీ తొలగించదు.

దీనికి పరిష్కారం కొత్త పదం పుట్టించడంలో లేదు, వాక్యం మార్చడంలో ఉంది. ఒక ఉదాహరణ:

'ఈ వ్యాసం ఉత్తరాంధ్ర కథలలోని స్త్రీపాత్రల సంభాషణలపై దృష్టి సారిస్తుంది.'

దీన్ని పైన చూసిన నిర్మాణంలోకి మార్చితే:

'ఈ వ్యాసం పరిశీలించేది ఉత్తరాంధ్ర కథలలో స్త్రీపాత్రలు మాట్లాడే మాటలనే. వారిని గురించి కథకుడు చెప్పే మాటలను కాదు.'

రెండవ వాక్యం రాయాలంటే పరిశోధకుడికి తాను విడిచిపెడుతున్నదేమిటో తెలిసి ఉండాలి. ఏకారం, నామీకృత క్రియ, 'కాదు' అనే నిషేధం మూడూ కలిసి ఆ నిర్ణయాన్ని బయటపెడతాయి. 'కాదు' తర్వాత రాయడానికి ఏమీ తోచకపోతే ఫోకస్ ఇంకా ఏర్పడలేదని గ్రహించవచ్చు. మార్గదర్శకులు విద్యార్థి ప్రణాళికను చదివేటప్పుడు ఈ చిన్న పరీక్షను వాడి చూడవచ్చు.

సందర్భాన్ని బట్టి ఎంచుకోదగిన మాటలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు. గణిత, భౌతిక, భూకంపశాస్త్రాలలో 'నాభి'. ఛాయాచిత్రణలో 'స్పష్టత', లేదా రూఢమైన 'ఫోకస్'. మనసు చెదరకపోవడానికి 'ఏకాగ్రత', 'ధ్యాస', 'గురి'. కార్యకలాపాలు కూడుకునే చోటుకు 'కేంద్రం'. భాషాశాస్త్రంలో 'అవధారణ', 'నూతనాంశం'. కథనశాస్త్రంలో 'కథన పరిమితి'. పరిశోధన ప్రణాళికలో 'ప్రధానప్రశ్న', లేదా పైన చూపిన వాక్యనిర్మాణం.

9. ముగింపు

పొయ్యికి పేరుగా పుట్టి, కిరణాలు కలిసే బిందువుకు పేరై, చివరకు మనసుకు అన్వయమైన 'ఫోకస్' చరిత్రలో మారనిది ఒకటుంది. అనేకం నుంచి ఒకటి. ఛాయాచిత్రంలో అది మసకబారే నేపథ్యంగా, వాక్యంలో తొలగే ప్రత్యామ్నాయంగా, కథలో దాచిన సమాచారంగా, పరిశోధనలో అడగకుండా విడిచిన ప్రశ్నగా కనిపిస్తుంది. 'దృష్టి' ఎంచుకున్నదాన్ని చెబుతుంది గాని విడిచినదాన్ని చెప్పదు. విడిచినదాన్ని చెప్పగల సాధనం తెలుగులో నామవాచకంగా కాక ప్రత్యయంగా, వాక్యనిర్మాణంగా ఉంది. ఆంగ్లపదానికి సమానపదం వెదికేటప్పుడు నిఘంటువుతో పాటు వ్యాకరణాన్ని కూడా తెరవాలని ఈ పదం మనకు గుర్తుచేస్తుంది. ఏకారం ఒక్క అక్షరమే అయినా, పరిశోధన ప్రణాళికలో దాన్ని సరైన చోట చేర్చడానికి ముందు పరిశోధకుడు చాలా ఆలోచించవలసి ఉంటుంది. ఆ ఆలోచన జరిగితే 'మీ ఫోకస్ ఏమిటి?' అన్న పరీక్షకుల ప్రశ్నకు సమాధానం మొదటి అధ్యాయంలోనే దొరుకుతుంది.